మిగిలిన రెండు నిమిషాలు

ముప్పై ఎనిమిదేళ్లుగా పెట్టెలు మోస్తున్నవాణ్ణి.
అల్లిపురంలో నా షాపు, పైడిరాజు సౌండ్స్.
బోర్డు మీద "సౌం" ఎప్పుడో రాలిపోయింది,
"డ్స్" మాత్రం గోడని పట్టుకుని ఉంది.

నిన్న రాత్రి ఆర్కే బీచ్‌లో నీల్ వర్ష్ ప్రోగ్రాం.
అసలు పేరు నీలాపు వర్షిత్, పెందుర్తి గుంటడు.
పద్దెనిమిది బేసు పెట్టెలు, రెండు జనరేటర్లు,
సబ్‌మెరైన్ దాకా జనం.
ఒక్కో దెబ్బకి నా చొక్కా గుండీలు అదిరాయి.
ఎత్తిన చేతులన్నిట్లో ఫోన్లు.
పాపం సముద్రం, వెనకాల ఎవరికీ కనబడని చీకట్లో
తన పని తాను చేసుకుంటూ.

బాగా పాడాడు. అబద్ధం ఎందుకు?
వైర్లు చుడుతూ ఎల్లాజీ అడిగాడు,
"మామా, ఈడు నిలబడతాడంటావేటి?"

ఏం చెప్పను?
నేను ఒకసారి తప్పిన జోస్యగాణ్ణి.

ఎనభై ఆరు. వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు.
స్టెల్లా నూకరత్నం, లోకో షెడ్డు ఫిట్టరు కూతురు,
అరువు గిటారు, హవాయి చెప్పులు.
నా మైకు మాటిమాటికీ కూతపెడుతోంది.
తిట్టలేదు.
ఆ కూత ఏ శ్రుతిలో ఉందో విని
అక్కణ్ణించే పాట ఎత్తుకుంది.
ఆ సంగతి అప్పుడు నాకు అర్థం కాలేదు,
నా ఉద్యోగం పోలేదని మాత్రం సంతోషించాను.

ఒకటే కేసెట్టు. నీలం అట్ట. ఆరు పాటలు.
పూర్ణా మార్కెట్లో పన్నెండు రూపాయలు,
బేరమాడితే పది.
ఆ ఏడాది స్టారు ఆవిడ కాదు లెండి.
ఇంకొకతను, తెల్ల సూటు, తెల్ల బూట్లు,
గోడగోడకీ పోస్టరు.
పేరు... నాలిక చివరే ఉంది,
ఆగండి, వస్తుంది.

నేనూ తెల్లబూట్ల పార్టీయే.
ఖాళీ టేపు దొరక్కపోతే
స్టెల్లా మీద వార్డు ఎన్నికల ప్రకటన రికార్డు చేశాను:
"మీ అమూల్యమైన ఓటు..."
తర్వాత ఆవిడ ఖరగ్‌పూర్ వెళ్లిపోయిందన్నారు,
నర్సయిందన్నారు. ఎవరూ వెతకలేదు.

హుద్‌హుద్ పోయిన నాలుగో రోజు.
కరెంటు లేదు, సిగ్నల్ లేదు,
ఊరంతటికీ మూగనోము.
కంచరపాలెం మెట్టు దగ్గర పాలపేకెట్ల వరసలో
ముందున్న ముసలాయన గొణుగుతున్నాడు,
స్టెల్లా మూడో పాట, రెండో చరణం.
"ఆ మాట అది కాదు బాబూ" అని
వెనకనించి ఒకావిడ సరిదిద్దింది.
ఇద్దరూ పోట్లాడుకున్నారు,
పాలు అయిపోయినా మాట తేలలేదు.
మధ్యలో నిలబడ్డ పదేళ్ల పిల్ల
ఆవిడ చెప్పిందే కరెక్టంది.
ఎవరి పాటే అంటే
"మా అమ్మమ్మది" అంది.

ఆ రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని
అటకంతా గాలించాను.
బ్యాటరీలు నమిలి, ఎండబెట్టి, వేశాను.
ఓట్లు అడిగీ అడిగీ నా గొంతు ఆగినచోట
చరణం నడుమనించి స్టెల్లా.
రెండు నిమిషాలు. అంతే మిగిల్చాను.

నిన్న అందరూ వెళ్లాక
నీల్ వర్ష్ నా పెట్టె మీదికెక్కి కూచుని
మురీ మిక్చర్ తింటున్నాడు.
మేకప్ కింద మొటిమలున్నాయి.
"అంకుల్, మీరు పెట్టెల వెనక ఉంటారు కదా,
జనం నాతో పాడారా?
ఊరికే వీడియో తీసుకున్నారా?"

వినబడే చోటే నిలబడ్డాను నేను.
"పెట్టెలు గట్టిగా ఉన్నాయి బాబూ" అన్నాను.
తల ఊపాడు. మిక్చర్ పొట్లం నాకిచ్చాడు.

తెల్లారగట్ల ఆఖరి పెట్టె ఎక్కించాం.
ఇసకలో కాయితాలు ఊడుస్తున్న మనిషి
ఏదో పాడుకుంటోంది.
వర్షిత్‌దా? స్టెల్లాదా? ఇంకెవరిదైనానా?
చీపురుకీ అలకీ మధ్య
ముక్కలు ముక్కలుగా వస్తోంది.

ఎల్లాజీ తాళం తిప్పాడు.
"ఉండరా" అన్నాను,
"ఇంజను ఆపు."